మిడిల్స్‌బ్రో నుంచి విట్బీ ఒక్కరోజులో వెళ్ళి రావచ్చా? ట్రైనా బస్సా, తిండి సంగతేంటి?

టీస్‌గట్టు_కుర్రాడు:
హాయ్ అందరికీ. ఇంగ్లండ్‌లో మిడిల్స్‌బ్రోలో మాస్టర్స్ చేస్తున్నా, జనవరి ఇన్‌టేక్. వచ్చిన దగ్గర్నుంచి క్లాసు, రూము, పార్ట్‌టైమ్ షిఫ్టు ఇదే తిరుగుడు. వచ్చే శనివారం షిఫ్ట్ లేదు, డిసర్టేషన్ చాప్టర్ ఒకటి సూపర్‌వైజర్ దగ్గర ఉంది, సో నలుగురం కలిసి సముద్రం ఉన్న ఊరికి పోదాం అనుకున్నాం, ఎవర్నడిగినా విట్బీ అంటున్నారు. మాలో ఒకడు ప్యూర్ వెజ్, ఒకమ్మాయి చేప తింటుంది గానీ బీఫ్ ముట్టదు. మనిషికి 25 పౌండ్లు దాటకూడదు. ట్రైన్ బెటరా బస్ బెటరా? నాది భీమిలి, నీళ్ళలో దిగి చాలా రోజులైంది, అక్కడ మునగొచ్చా? పొద్దున్న వెళ్ళి సాయంత్రానికి వచ్చేయాలి.

మూర్స్_అన్నయ్య:
తమ్ముడూ, హాయిగా వెళ్ళొచ్చు. నీకున్నవి రెండు దారులు. ట్రైన్ అయితే ఎస్క్ వ్యాలీ లైను, గంటన్నర పడుతుంది, కిటికీ పక్క సీటు దొరికితే డబ్బులు వసూలైనట్టే, వాగులు, గొర్రెలు, కొండలు. మధ్యలో బాటర్స్‌బీ అనే చిన్న స్టేషన్ వస్తుంది, అక్కడ డ్రైవర్ దిగి ఆ చివరి క్యాబిన్‌లోకి నడిచి వెళ్తాడు, బండి వచ్చిన వైపే బయల్దేరుతుంది. మొదటిసారి ఎక్కినవాళ్ళు బండి వెనక్కి పోతోందేంటని కంగారు పడతారు, ఏం కాదు, అక్కడ లైను చీలే తీరే అంత. అసలు చూసుకోవాల్సింది ఏంటంటే రోజు మొత్తం మీద ఈ లైన్లో రైళ్ళు చాలా తక్కువ, ఒకటి మిస్సయితే తర్వాతదానికి గంటలు కూర్చోవాలి. తిరుగు రైలు టైం ముందు చూసుకుని దాన్నిబట్టి రోజంతా ప్లాన్ చేసుకోండి.

నలుగురు ఉన్నారు కదా, రైల్‌కార్డ్ (టికెట్ తగ్గింపు కార్డు) లేకపోయినా గ్రూప్‌సేవ్ అని ముగ్గురు లేదా అంతకన్నా ఎక్కువ మంది ఉంటే ఆఫ్‌పీక్‌లో, అంటే రద్దీ లేని టైంలో, మూడో వంతు తగ్గుతుంది, నలుగురికీ కలిపి ఒకే బుకింగ్ చేయండి.

బస్సయితే ఎక్స్93, గిస్‌బరా మీదుగా మూర్స్ (గడ్డి, పొదలు ఉండే ఎత్తైన బయళ్ళు) దాటుకుని పోతుంది. 2025 జనవరి నుంచి సింగిల్ 3 పౌండ్ల క్యాప్ కదా, రానూపోనూ 6లో అయిపోతుంది. నేనైతే వెళ్ళేటప్పుడు ట్రైన్, వచ్చేటప్పుడు బస్ అంటాను. ఎక్స్4 అని ఇంకోటుంది, స్టెయిథ్స్, సాల్ట్‌బర్న్ మీదుగా తీరం పట్టుకుని వస్తుంది, లేటవుతుంది గానీ వ్యూ బాగుంటుంది.

గోదారి_వంటిల్లు:
తిండి గురించి నేను చెప్తా, ఇది ఎవ్వరూ ముందు చెప్పరు. యార్క్‌షైర్‌లో చాలా షాపుల్లో ఫిష్ అండ్ చిప్స్ బీఫ్ డ్రిప్పింగ్‌లో వేయిస్తారు, అంటే గొడ్డు కొవ్వు. చేప ఒక్కటే కాదు, చిప్స్ కూడా అందులోనే. కాబట్టి మీ వెజ్ ఫ్రెండ్ "నాకు చిప్స్ చాలు" అని ఊరుకుంటే కుదరదు, కౌంటర్ దగ్గరే "వెజిటబుల్ ఆయిలా, డ్రిప్పింగా" అని సూటిగా అడగాలి. ఏమీ అనుకోరు, రోజూ ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. కొన్నిచోట్ల బోర్డు మీదే గర్వంగా రాసి పెడతారు. వెజిటబుల్ ఆయిల్‌లో చేసే షాపులూ ఉంటాయి గానీ అదే నూనెలో చేప కూడా వేయిస్తారు, ప్యూర్ వెజ్ అంటే ఎంత ప్యూరో వాడే తేల్చుకోవాలి. నా మాట విని పులిహోర చేసుకెళ్ళండి, మధ్యాహ్నానికి ఇంకా బాగుంటుంది, పైగా బడ్జెట్ మిగులుతుంది.

చేప తినేవాళ్ళు మాత్రం కాడ్ చేప కాకుండా హాడక్ చేప అడగండి, ఆ వైపు జనం అదే తింటారు. ఎర్రకారం ఏమీ ఉండదు, ఉప్పు, వెనిగర్ మాత్రమే, చిన్న చిల్లీ సాస్ ప్యాకెట్ జేబులో వేసుకోండి.

సీగల్స్‌తో జాగ్రత్త!! హార్బర్ పక్కన బాక్స్ తెరిచి నడుస్తూ తింటే వెనక నుంచి వచ్చి భుజం మీదుగా చేపముక్క లాక్కుపోతాయి, రెక్క మొహానికి కొడుతుంది. గోడకి వీపు ఆనించి కూర్చోండి, మూత సగమే తెరవండి.

టీస్‌గట్టు_కుర్రాడు:
అమ్మో డ్రిప్పింగ్ సంగతి అస్సలు తెలీదు, థాంక్స్ అక్కా. మా వెజ్ వాడికి చెప్తే "అయితే ఇన్నాళ్ళూ టౌన్‌లో తిన్న చిప్స్ సంగతేంటి" అని మొహం వేలాడేశాడు 😅 సముద్రం గురించి ఎవరైనా చెప్పండి ప్లీజ్.

ఉప్పాడ_టు_హల్:
మీది భీమిలి అన్నారు కాబట్టే గట్టిగా చెప్తున్నా బ్రదర్. నార్త్ సీ మన బంగాళాఖాతం కాదు. జులైలో కూడా నీళ్ళు 14 డిగ్రీల చుట్టూ ఉంటాయి, దూకగానే ఊపిరి బిగుసుకుపోతుంది, ఈత వచ్చినవాడికి కూడా. మునగాలని ఉంటే ఎరుపు పసుపు జెండాల మధ్యే, లైఫ్‌గార్డ్ ఉన్న టైంలో, మెల్లగా మోకాళ్ళ వరకు అలవాటు చేసుకుని దిగండి. ఎర్ర జెండా ఉంటే అసలొద్దు.

ఇంకోటి, పోటు. మన దగ్గర నీరు ముందుకొచ్చి వెనక్కెళ్ళినా పెద్దగా తేడా తెలీదు, ఇక్కడ అమావాస్య పౌర్ణమి రోజుల్లో నాలుగైదు మీటర్ల ఎత్తు తేడా వస్తుంది. విట్బీ నుంచి పక్కనున్న శాండ్‌సెండ్ ఊరి దాకా ఇసుక మీద నడవడం చాలా బాగుంటుంది, కానీ పోటు వచ్చేటప్పుడు బయల్దేరితే నీళ్ళు కొండ అంచుదాకా వచ్చేస్తాయి, మధ్యలో ఇరుక్కుంటారు. టైడ్ టైమ్స్ ముందురోజే చూసి, నీరు తగ్గుతున్నప్పుడు నడవండి. ఏదైనా అయితే 999 కొట్టి కోస్ట్‌గార్డ్ కావాలని అడగాలి, పోలీస్ అని కాదు.

జాకెట్ మర్చిపోవద్దు. మిడిల్స్‌బ్రోలో ఎండ కాస్తున్నా తీరంలో సీ ఫ్రెట్ పట్టేయొచ్చు, వెచ్చటి గాలి చల్లటి నీటి మీదకొచ్చి పొగమంచు అయిపోతుంది, పది అడుగుల అవతల ఉన్న అబ్బీ (కొండ మీది పాత క్రైస్తవ మఠం) కూడా కనపడదు.

మూర్స్_అన్నయ్య:
అబ్బీ అంటే గుర్తొచ్చింది. 199 మెట్లెక్కి పైకి వెళ్ళండి, పైన సెయింట్ మేరీ చర్చి, దాని వెనక అబ్బీ శిథిలాలు. లోపలికి టికెట్ ఉంది, బడ్జెట్ టైట్ అయితే చర్చి చుట్టూ తిరిగినా హార్బర్ మొత్తం కనపడుతుంది. 664లో ఈ ప్రాంతపు (అప్పటి నార్తంబ్రియా రాజ్యం) క్రైస్తవులు ఈస్టర్ ఎప్పుడు చేసుకోవాలో తేల్చిన సభ ఇక్కడే జరిగింది, ఇప్పుడున్న గోడలు ఆ తర్వాతి కాలానివి. 1914 డిసెంబర్‌లో జర్మన్ ఓడలు ఈ ఊరి మీద గుండ్లు వేశాయి, అబ్బీకి కూడా దెబ్బ తగిలింది. అదే ఏడాది సెప్టెంబర్‌లో ఎమ్డెన్ అనే జర్మన్ యుద్ధనౌక వచ్చి మద్రాసు మీద వేసింది కదా, మా తాతయ్య వాళ్ళింట్లో ఆ కథ చెప్పేవారు, ఇక్కడ బోర్డు చదువుతుంటే అదే గుర్తొచ్చింది.

సముద్రయాత్రలు చేసిన కెప్టెన్ కుక్ కూడా ఈ ఊళ్ళోనే ఓడ పని నేర్చుకున్నాడు, ఆయన ఓడ ఎండెవర్ ఇక్కడే కట్టారు. పుట్టింది మాత్రం మీ మార్టన్‌లో, మిడిల్స్‌బ్రోలోనే.

సాల్ట్‌బర్న్_ఫ్యాన్:
అందరూ విట్బీ అంటున్నారు గానీ షిఫ్టులు చేసి అలిసిపోయినవాళ్ళకి సాల్ట్‌బర్న్ చాలదా?? ట్రైన్‌లో అరగంట, శనివారం విట్బీలో జనం తోపులాట. ఇక్కడ పియర్ (సముద్రంలోకి కట్టిన నడక వంతెన) ఉంది, 1884 నాటి క్లిఫ్ లిఫ్ట్ ఉంది, కొండ వాలు మీద ఎక్కి దిగే రెండు పెట్టెలు, పై పెట్టె ట్యాంకులో నీళ్ళు నింపుతారు, ఆ బరువుకి అది దిగుతూ కింద పెట్టెని పైకి లాగుతుంది. నడుస్తోందో లేదో వెళ్ళేముందు చూసుకోండి.

టీస్‌గట్టు_కుర్రాడు:
ఓటింగ్ పెట్టాం, విట్బీకే మూడు ఓట్లు. వెళ్ళేటప్పుడు ట్రైన్, వచ్చేటప్పుడు ఎక్స్4, సాల్ట్‌బర్న్‌లో దిగి లిఫ్ట్ చూసి అక్కడ్నుంచి ట్రైన్ పట్టుకోవచ్చా? పులిహోర డ్యూటీ నాకే పడింది, చింతపండు ఎవరి దగ్గరైనా ఉందా 🙏