టేబుల్ సా స్టాండుకు చక్రాలు పెట్టాక కోతలో కదులుతోంది

కారు పార్కింగే నా వర్క్‌షాపు. పనయ్యాక మెషీన్ గోడ పక్కకు జరగాల్సిందే, లేకపోతే కారు పట్టదు. అందుకే 10 అంగుళాల బ్లేడున్న టేబుల్ సాకి (బల్ల మధ్యలోంచి బ్లేడు పైకి వచ్చే చెక్క కోత మెషీన్, సుమారు 90 కిలోలు) 40 ఎం.ఎం. స్క్వేర్ పైపుతో స్టాండు వెల్డింగ్ చేయించి, నాలుగు మూలలా 3 అంగుళాల తిరిగే చక్రాలు, బ్రేకులున్నవే, పెట్టించాను.

నెట్టడానికి హాయిగానే ఉంది. కోతతోనే టెన్షన్. 18 ఎం.ఎం. ప్లైవుడ్ తోయగానే స్టాండు అర అంగుళం పక్కకు జరుగుతోంది. బ్రేకు చక్రాన్ని ఆపుతోంది గానీ దాని పైనున్న మెడ తిరుగుతూనే ఉంది. బ్లేడు తిరుగుతుండగా ఇలా కదిలితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు, వారం నుంచి మెషీన్ ముట్టుకోలేదు.

కింద రబ్బరు మ్యాటు వేస్తే జరగడం తగ్గింది, ఊగడం తగ్గలేదు. వెనక రెండూ తిరగని చక్రాలుగా మార్చాను, కాస్త నయం. అసలు చిక్కు నేలతో అనుకుంటా. నీళ్లు పోవడానికి రెండు వైపులకు వాలు పెట్టారు. ముందు ఎడమ చక్రం కింద మడిచిన కాగితం సులువుగా దూరుతోంది.

ఇలాంటి నేల మీద ఇంత బరువుకు, కాలితో తొక్కితే చక్రాలు పైకి లేచి స్టాండు నేలకు కూర్చునే రకం మంచిదా, నాలుగు మూలలా కిందికి బిగించే లెవెలింగ్ బోల్టులు చాలా? వాడినవాళ్లు చెప్పండి.