హైడ్రోజన్ ఎలక్ట్రాన్ మీద బలం 8.2 × 10⁻⁸ న్యూటన్లు అని రాయడం తప్పా?

సింగరాయకొండ అమ్మ:
మావాడు ఇంటర్ సెకండియర్. హైడ్రోజన్‌లో కేంద్రకం ఎలక్ట్రాన్‌ని అంత దూరంలో ఉంటే (5.3 × 10⁻¹¹ మీటర్లని ప్రశ్నలో ఇచ్చారు) ఎంత బలంతో లాగుతుందో లెక్క కట్టి 8.2 × 10⁻⁸ న్యూటన్లు తెచ్చాడు. సెలవులకు వచ్చిన వాళ్ల మామయ్య, ఎలక్ట్రాన్ ఒకచోట ఉండదు గదా, ఆ లెక్కకే అర్థం లేదు పొమ్మన్నాడు. పిల్లోడు రాత్రి నుంచి పుస్తకం ముట్టలేదు. ఎవరిది కరెక్టు?

కావలి లెక్చరర్:
మీవాడిదే అమ్మా. ఎలక్ట్రాన్ ఆవేశం 1.6 × 10⁻¹⁹ కూలుంబులని వర్గం చేసి, కూలుంబ్ స్థిరాంకం 9 × 10⁹తో హెచ్చవేసి, 5.3 × 10⁻¹¹ మీటర్ల వర్గంతో భాగిస్తే వచ్చేది అదే. చాలామంది కింద వర్గం మరిచిపోయి 4.3 × 10⁻¹⁸ దగ్గర ఆగిపోతారు, మీవాడు ఆగలేదు. ఆ బలం ఎంతంటే, కొత్తపట్నం ఒడ్డున దొరికే సన్నటి ఇసుక రేణువు బరువు ఇంచుమించు అంత ఉంటుంది, కానీ ఎలక్ట్రాన్ ద్రవ్యరాశి 9.1 × 10⁻³¹ కిలోలే కాబట్టి త్వరణం సెకనుకు సెకనుకు 9 × 10²² మీటర్లు వస్తుంది. వాటి మధ్య గురుత్వాకర్షణ దీనికంటే 10³⁹ రెట్లు తక్కువ. ఈ లెక్క చేయించకుండా పరమాణువు గురించి పిల్లలకు ఏం చెబుతాం?

ఒంగోలు ఎమ్మెస్సీ:
సార్, గుణకారంతో నాకు పేచీ లేదు, దూరంతోనే. 5.3 × 10⁻¹¹ అనేది ఎలక్ట్రాన్ దొరికే అవకాశం అన్నిటికన్నా ఎక్కువున్న దూరం, అంతే. సగటు దూరం దానికి ఒకటిన్నర రెట్లు. పోనీ దూరం పెరిగింది కాబట్టి బలం తగ్గాలి అనుకుంటామా, క్వాంటం లెక్కలో సగటు బలం 8.2కి సరిగ్గా రెట్టింపు, 1.6 × 10⁻⁷ న్యూటన్లు వస్తుంది! కేంద్రకం దగ్గరికి వచ్చినప్పుడు బలం అంత విపరీతంగా పెరుగుతుంది మరి. రెట్టింపు తేడా ఉన్నదాన్ని కరెక్టని ఎలా అంటాం?

కావలి లెక్చరర్:
నాయనా, నువ్వు చెప్పిన రెట్టింపు నిజమే, ఒప్పుకుంటా. కానీ దూరం r అనుకుని 1/r సగటు తీస్తే, బోర్ వ్యాసార్థం అనే ఆ 5.3 × 10⁻¹¹తో ఒకటిని భాగించినంతే వస్తుంది, అందుకే మైనస్ 13.6 ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి బోర్ లెక్కలోనూ క్వాంటం లెక్కలోనూ కుదురుతుంది. ప్రశ్నలో 'అంత దూరంలో ఉంటే' అని ఉంది, ఆ 'ఉంటే'కి జవాబు 8.2 తప్ప ఇంకోటి లేదు.

ఒంగోలు ఎమ్మెస్సీ:
ఆ 'ఉంటే' గురించి క్లాసులో ఒక్క నిమిషం చెప్పండి సార్, నేను అడిగేది అదే. నాకు ఎమ్మెస్సీకి వచ్చేదాకా ఎవరూ చెప్పలేదు.

సింగరాయకొండ అమ్మ:
ఇదంతా వాడికి చదివి వినిపించా. లేచి హీలియంకి కేంద్రకం ఆవేశం 2e (ఎలక్ట్రాన్ ఆవేశానికి రెట్టింపు) వేసి మొదలుపెట్టాడు. ఇప్పుడు, పక్కనున్న రెండో ఎలక్ట్రాన్ నెట్టే బలాన్ని ఏ దూరం పెట్టి కట్టాలమ్మా అని అడుగుతున్నాడు, చెప్పండి సార్.