అప్‌డేట్: హైడ్రోజన్ మేఘాల సందేహం చాలావరకు తీరింది

మన గెలాక్సీ పళ్లానికి (నక్షత్రాలు ఎక్కువగా పరుచుకున్న చదునైన భాగానికి) పైన తేలే గ్యాస్ మేఘాల్లో విడి హైడ్రోజన్ పరమాణువులు జంట కట్టి అణువులుగా ఎలా మారతాయని పోయిన వారం అడిగాను కదా. జవాబులిచ్చిన అందరికీ థాంక్స్.

నేను పొరబడింది ఒక్కచోటే. రెండు పరమాణువులు ఢీకొంటే చాలు, అతుక్కుంటాయనుకున్నా. అతుక్కోవు. ఆ కలయికలో పుట్టే శక్తిని వదిలించుకోలేక మళ్లీ విడిపోతాయి. పరమాణువులు ఆనుకోవడానికి, ఆ శక్తిని లాగేసుకోవడానికి మధ్యలో ధూళి రేణువు ఉండాలి. నిన్న సాయంత్రం ఆర్కే బీచ్‌లో గోలీసోడా సీసాకి పట్టిన చెమట చూశాక బుర్రలో వెలిగింది: గాలిలో తేమ ఎంతున్నా, ఆనుకోవడానికి ఏదో ఒకటి కావాలి. (పోలిక పూర్తిగా సరికాదని మా అన్నయ్య అక్కడే వాదనకు దిగాడు. నిజమే.)

అతినీలలోహిత కాంతి ఈ జంటల్ని విడగొడుతూనే ఉంటుంది. మేఘం నొక్కుకుని చిక్కబడితే మాత్రం పైపొర అణువులే ఆ కాంతిని మింగేసి లోపలివాటికి గొడుగు పడతాయి. పళ్లెం వైపు పడుతున్న డ్రాకో మేఘం దీనికి మంచి ఉదాహరణ.

విడి హైడ్రోజన్ 21 సెంటీమీటర్ల రేడియో తరంగంలో దొరికిపోతుంది. చల్లటి జంటలు దాదాపు మౌనం. అందుకే వాటితోపాటు ఉండే కార్బన్ మోనాక్సైడ్‌ను 2.6 మిల్లీమీటర్ల దగ్గర పట్టుకుని ఆచూకీ తీస్తారు.