స్వతంత్ర డాక్యుమెంటరీలు తీస్తూ వీడియో ప్రొడక్షన్ బోధించడం: ఈ రెండూ కలిసి సాగుతాయా?

ప్రశ్న: కృష్ణలంక కెమెరా (విజయవాడ)

నమస్కారం. డాక్యుమెంటరీలు తీస్తూ బోధన కూడా చేస్తున్నవారి సలహా కోరి రాస్తున్నాను.

నేను ఒక వార్తా చానెల్‌లో మొదట కెమెరామన్‌గా పనిచేశాను, ఇప్పుడు ఎడిటర్‌గా ఉన్నాను. సెలవు దొరికినప్పుడల్లా కృష్ణా డెల్టాలోని కౌలు రైతుల మీద సొంత ఖర్చుతో ఒక డాక్యుమెంటరీ తీస్తున్నాను. కాలువకు నీరు వదిలిన నాటి నుంచి వరి నూర్పిళ్ల దాకా, ఆ తర్వాత మినుము చేతికొచ్చే దాకా రెండు కుటుంబాల వెంట ఉండాలన్నది నా ఉద్దేశం. ఇంతలో ఒక ప్రైవేటు డిగ్రీ కళాశాల వారు విజువల్ కమ్యూనికేషన్ విద్యార్థులకు వీడియో ప్రొడక్షన్ చెప్పడానికి పూర్తికాలపు అధ్యాపకుడిగా రమ్మంటున్నారు. జీతం చానెల్ ఇచ్చేదానికంటే కొంచెం తక్కువే గానీ వేళలు నికరంగా ఉంటాయనీ, వేసవి సెలవుల్లో సినిమా పని చేసుకోవచ్చనీ ఆశ పుడుతోంది. జర్నలిజంలో ఎం.ఎ. చేశాను, నెట్ (అధ్యాపకుల జాతీయ అర్హత పరీక్ష) రాయలేదు.

ఈ ఉద్యోగంలో చేరితే సినిమాకు నిజంగా సమయం దొరుకుతుందా? బోధనలో నిలబడాలంటే నెట్, పిహెచ్.డి. వైపు వెళ్లాలా, లేక పుణె ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ వంటి సంస్థలో చేరి మళ్లీ చదువుకోవాలా? డాక్యుమెంటరీల మీదే బతకడం మన ప్రాంతంలో సాధ్యమేనా? ఇంట్లోవాళ్లు మూడో ప్రశ్న ఒక్కటే అడుగుతున్నారు గనుక దానికి కాస్త వివరంగా జవాబు చెబితే మేలు.

సమాధానం: మూసీతీరం (హైదరాబాదు)

ఇంట్లోవాళ్ల ప్రశ్నతోనే మొదలుపెడతాను. స్వతంత్ర డాక్యుమెంటరీ నెలనెలా జీతంలా డబ్బు తెచ్చిపెట్టే పని కాదు, మన దగ్గర ఎన్నడూ కాలేదు. 1948లో ఏర్పడిన ఫిల్మ్స్ డివిజన్ ప్రభుత్వం తరఫున సినిమాలు తీయించేది. 2022లో దానిని జాతీయ చలనచిత్ర అభివృద్ధి సంస్థ (ఎన్.ఎఫ్.డి.సి.)లో కలిపేశారు. 2000లో మొదలైన పబ్లిక్ సర్వీస్ బ్రాడ్‌కాస్టింగ్ ట్రస్టు దూరదర్శన్‌తో కలిసి చాలామంది స్వతంత్ర దర్శకులకు చిన్న మొత్తాలైనా ఇచ్చి సినిమాలు తీయించింది. ఇవి కాక, నిధుల కోసం వెళ్లదగినవి బెంగళూరులోని ఇండియా ఫౌండేషన్ ఫర్ ది ఆర్ట్స్, కోల్‌కతాలో జరిగే డాకెడ్జ్ పిచింగ్ వేదిక (నిధులిచ్చేవారి ముందు సినిమా ఆలోచన వినిపించే చోటు), అమ్‌స్టర్‌డామ్ ఇడ్ఫా డాక్యుమెంటరీ ఉత్సవానికి అనుబంధంగా ఉన్న బెర్తా ఫండ్, సన్‌డాన్స్ డాక్యుమెంటరీ ఫండ్ వంటివి ఉన్నాయి. వీటికి దరఖాస్తు చేయాలంటే ఆలోచన ఒక్కటే చాలదు. కొంత ఫుటేజ్, దానితో కట్ చేసిన నమూనా, సినిమా ఎలా తీస్తారో చెప్పే ట్రీట్‌మెంట్ నోట్, బడ్జెట్ సిద్ధంగా ఉండాలి. అంటే నిధి వచ్చేలోపు ఏడాదో రెండేళ్లో సొంత ఖర్చుతోనే నడవాలి. ఆ కాలంలో ఇల్లు గడిపేది మరో పని. చాలామందికి అది స్వచ్ఛంద సంస్థల సినిమాలు గానీ కంపెనీల వీడియోలు గానీ తీయడం అవుతుంది, కొందరికి బోధన అవుతుంది.

నేను బోధన వైపు మొగ్గడానికి కారణం ఉంది. స్వచ్ఛంద సంస్థకు తీసే సినిమాలో లబ్ధిదారు ఎప్పుడూ చివర్లో నవ్వాలి. అలాంటివి వరసగా తీస్తే కన్ను కూడా ఆ చట్రానికి అలవాటు పడుతుంది. బోధన జీతంతో వచ్చే అసలు లాభం, అటువంటి పనిని కాదనగలిగే వెసులుబాటు.

అయితే మీరు వేళలు నికరంగా ఉంటాయంటున్నారు చూడండి, అక్కడే నాకు అభ్యంతరం. చరిత్రో అర్థశాస్త్రమో చెప్పే అధ్యాపకుడి పని చాలావరకు టైంటేబుల్‌లో కనబడుతుంది. ప్రొడక్షన్ చెప్పేవారి పని అందులో సగమే కనబడుతుంది. కెమెరాలు ఇవ్వడం, తిరిగి వచ్చాక లెన్సులు సరిచూసుకోవడం, విద్యార్థుల రషెస్ (ఎడిట్ చేయని ఫుటేజ్) మొత్తం కూర్చుని చూడడం, అనుమతి లేకుండా రైల్వే స్టేషన్లో షూట్ చేసి పట్టుబడినవాళ్ల కోసం ఫోన్లు చేయడం, సబ్మిషన్ ముందు రాత్రుళ్లు ఎడిట్ గదిలో ఉండడం, ఇవేవీ పని గంటల లెక్కలోకి రావు. కాబట్టి చేరేముందు జీతం సంగతి కంటే ముందు అడగవలసినవి వేరు: ఒక బ్యాచ్‌లో ఎంతమంది, ఎన్ని కెమెరాలు, ఎన్ని ఎడిట్ సిస్టమ్‌లు, పరికరాల బాధ్యత చూసే ల్యాబ్ అసిస్టెంట్ ఉన్నారా లేరా. ల్యాబ్ అసిస్టెంట్ లేని చోట ఆ ఉద్యోగం కూడా మీదే అవుతుంది.

రెండో విషయం క్యాలెండర్. మీ సినిమా జూన్‌లో కాలువ నీటితో మొదలై, జూలై, ఆగస్టుల్లో నాట్లు, నవంబరు, డిసెంబరుల్లో కోతలు, ఫిబ్రవరి, మార్చిల్లో మినుము మీదుగా సాగుతుంది. కళాశాల సంవత్సరం సరిగ్గా ఆ నెలల్లోనే నడుస్తుంది. మీరు ఆశపడుతున్న వేసవి సెలవుల్లో పొలాలు ఖాళీగా ఉంటాయి. కౌలు మాటలు ఎండాకాలంలో జరుగుతాయి గనుక అవి దొరకవచ్చు, అంతే. అందుకే పూర్తికాలపు ఉద్యోగం బదులు గంటల లెక్కన గెస్ట్ ఫ్యాకల్టీగా ఒకే సెమిస్టర్ చెప్పడానికి వాళ్లు ఒప్పుకుంటారేమో అడగండి. లేదా తరగతులన్నీ వారంలో మూడు రోజులకు సర్దమనండి. విజయవాడ నుంచి మీ ఊళ్లు గంటా రెండు గంటల దూరంలో ఉంటే మిగతా రోజులు పొలంలో గడపవచ్చు.

చానెల్‌లో పనిచేసినవారిగా మీకొక మాట చెప్పాలి. అక్కడ అలవడిన వేగం తరగతిలో ఎంతో పనికొస్తుంది గానీ డాక్యుమెంటరీకి అడ్డం వస్తుంది. నేను విద్యార్థులకు ఇచ్చే మొదటి అభ్యాసంలో కెమెరా ఉండదు. ఒక చోటికి వెళ్లి అక్కడి శబ్దాలు మాత్రమే రికార్డు చేసి, వాటితో మూడు నిమిషాల ముక్క కూర్చమంటాను. రెండో అభ్యాసంలో ఒక మనిషి చేసే ఒక పనిని వ్యాఖ్యానం, సంగీతం, ఇంటర్వ్యూ లేకుండా చూపించాలి. టీవీలో వాయిస్ ఓవర్‌తో అతికించే ప్రతి అతుకూ అప్పుడు బయటపడుతుంది. ఇవి విద్యార్థులకు ఇచ్చే ముందు మీరు మీ కౌలు రైతుల ఫుటేజ్ మీదే చేసి చూడండి.

సమాధానం: ఖాళీ బ్లాక్‌బోర్డు (విశ్వవిద్యాలయ అధ్యాపకుడు)

మూసీతీరం గారు చెప్పిన ఇబ్బందులన్నీ నిజమే గానీ, గెస్ట్ ఫ్యాకల్టీ పనిని అంత తేలికగా సిఫారసు చేయడం నాకు నచ్చలేదు. గంటల లెక్కన చెప్పేవారికి సెలవుల్లో జీతం ఉండదు, భవిష్య నిధి ఉండదు, వచ్చే సెమిస్టర్ పిలుస్తారన్న హామీ అంతకన్నా ఉండదు. నలభై దాటాక అది భరించడం కష్టం.

అర్హతల సంగతి: అసిస్టెంట్ ప్రొఫెసర్ పోస్టుకు పి.జి.లో 55 శాతం మార్కులతో పాటు నెట్ లేదా రాష్ట్ర స్థాయి సెట్, లేదంటే విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యు.జి.సి.) నిబంధనల ప్రకారం పొందిన పిహెచ్.డి. కావాలి. మీకు ఎం.ఎ. ఉంది గనుక మాస్ కమ్యూనికేషన్ అండ్ జర్నలిజం సబ్జెక్టులో నెట్ రాయండి; దానికి చానెల్ ఉద్యోగం మానవలసిన పనిలేదు. పుణె ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ గొప్ప చోటే, 1960 నుంచి ఉన్నది, కానీ అక్కడి ఫిల్మ్ కోర్సులు మూడేళ్లు. చేతిలో సగం తీసిన సినిమా, పంట కాలం కోసం ఎదురుచూసే రెండు కుటుంబాలు ఉన్నప్పుడు మూడేళ్లు ఊరు విడిచి వెళ్లమని నేను చెప్పను. యు.జి.సి. 2022లో తెచ్చిన ప్రొఫెసర్ ఆఫ్ ప్రాక్టీస్ పద్ధతికి నెట్, పిహెచ్.డి. అక్కర్లేదు, అయితే కనీసం 15 ఏళ్ల వృత్తి అనుభవం కావాలి, పదవి కూడా మామూలుగా మూడేళ్లు, గరిష్ఠంగా నాలుగేళ్లే. అది మీ పదేళ్ల తర్వాతి మాట.

శాశ్వత ఉద్యోగంలో సినిమా చచ్చిపోతుందనే భయం కొందరిలో ఉంది. ముంబయి టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్‌లో అంజలి మోంటెరో, కె.పి. జయశంకర్ దశాబ్దాల పాటు ఆచార్యులుగా ఉంటూనే కలిసి డాక్యుమెంటరీలు తీశారు. ఢిల్లీ జామియా మిలియాలోని మాస్ కమ్యూనికేషన్ రీసెర్చ్ సెంటర్‌లో శోహిని ఘోష్, సబీనా గడిహోక్ కూడా అంతే. 1982లో మొదలైన ఆ కేంద్రానికి తొలినాళ్లలో తోడ్పడిన జేమ్స్ బెవరిడ్జ్ స్వయంగా కెనడా డాక్యుమెంటరీ దర్శకుడు. ఆస్కార్ నామినేషన్ దాకా వెళ్లిన ‘రైటింగ్ విత్ ఫైర్’ దర్శకులిద్దరూ చదువుకున్నది అక్కడే. ఈ చోట్ల అధ్యాపకుడు సినిమా తీస్తే అది సొంత వ్యాపకం కింద కాక, ఆ విభాగం పని కింద లెక్క. తక్కిన చాలా చోట్ల ఆ పరిస్థితి లేదు. పదోన్నతి లెక్కల్లో పరిశోధన వ్యాసానికి ఉన్నంత స్పష్టమైన స్థానం డాక్యుమెంటరీకి లేదు గనుక, సినిమా తీసినవారు దాని గురించి మళ్లీ వ్యాసం కూడా రాసుకోవలసి వస్తోంది. నాకు ఇది హాస్యాస్పదంగా తోస్తుంది, అయినా రాస్తూనే ఉన్నాను.

ఇక ఎవరూ ముందుగా చెప్పని విషయం ఒకటుంది. 1957 నాటి కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం, వేరే ఒప్పందం లేనప్పుడు, ఉద్యోగ విధుల్లో భాగంగా చేసిన పనికి తొలి హక్కుదారు యజమానే. ఒకరు డబ్బిచ్చి తీయించుకున్న సినిమాకు కూడా తీయించుకున్నవారే తొలి హక్కుదారు. మీ కౌలు రైతుల సినిమాను కళాశాల కెమెరాతో, కళాశాల ఎడిట్ సిస్టమ్ మీద, విద్యార్థులను సహాయకులుగా పెట్టుకుని పూర్తి చేస్తే రేపు అది ఎవరిదన్న తగాదా రావచ్చు. నియామక పత్రంలో ఒక్క వాక్యం రాయించుకోండి: ఈ తేదీకి ముందే మొదలైన ఈ సినిమా, దాని ఫుటేజ్ పూర్తిగా నావి, దీని మీద సంస్థకు హక్కు లేదు అని. ఇప్పటి చానెల్ ఒప్పందం కూడా ఒకసారి తీసి చదవండి.

సమాధానం: న్యూజెర్సీ నుంచి ఒక తెలుగు అధ్యాపకురాలు

ఇక్కడి సంగతి క్లుప్తంగా చెబుతాను. అమెరికాలో సినిమా నిర్మాణం బోధించడానికి ఎం.ఎఫ్.ఏ. (మాస్టర్ ఆఫ్ ఫైన్ ఆర్ట్స్)ను తుది పట్టాగా పరిగణిస్తారు, పిహెచ్.డి. తప్పనిసరి కాదు. టెన్యూర్ (శాశ్వత నియామకం) మార్గంలో ఉన్నవారికి ఉత్సవాల్లో ప్రదర్శితమైన డాక్యుమెంటరీని పరిశోధనతో సమానమైన సృజనాత్మక కృషిగా లెక్కిస్తారు. వినడానికి బాగుంటుంది. కానీ అటువంటి పోస్టులు చాలా తక్కువ. ఎక్కువమంది అడ్జంక్టులుగా, అంటే తాత్కాలిక అధ్యాపకులుగా, కోర్సుకింత అని తీసుకుంటూ రెండు మూడు కళాశాలల మధ్య తిరుగుతుంటారు. ఎం.ఎఫ్.ఏ. కోసం అప్పు చేసి వచ్చే ఆలోచన ఉంటే పూర్తి స్కాలర్‌షిప్ లేకుండా రావద్దని నా సలహా.

సమాధానం: జహీరాబాద్ దారి

బోధన అంటే కళాశాల ఒక్కటే అన్నట్టు చర్చ సాగుతోంది గనుక ఇది రాస్తున్నాను. మెదక్ ప్రాంతంలోని పస్తాపూర్‌లో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాల సభ్యులు, వారిలో ఎక్కువమంది బడి మొహం చూడని దళిత రైతు స్త్రీలు, వీడియో నేర్చుకుని కమ్యూనిటీ మీడియా ట్రస్టుగా ఏర్పడ్డారు. వరంగల్ రైతుల బి.టి. పత్తి నష్టాల మీద వాళ్లు తీసిన డాక్యుమెంటరీ దేశం బయట కూడా తిరిగింది. అంతకు ముందే, 1983లో, దీపా ధన్‌రాజ్ తదితరుల యుగాంతర్ బృందం హైదరాబాదులోని స్త్రీ శక్తి సంఘటనతో కలిసి ‘ఇది కథ మాత్రమేనా’ తీసింది. కథ ఎలా ఉండాలో సంఘం స్త్రీలే చర్చించుకుని తయారు చేసిన చిన్న సినిమా అది.

మీ రెండు కౌలు కుటుంబాల్లోని పిల్లల్లో ఎవరికైనా కెమెరా పట్టడం నేర్పితే, మీరు తరగతిలో ఉన్న రోజున జరిగే పని తెర మీదికి వచ్చే అవకాశం ఉంటుంది. ఇంకా ముఖ్యమైన సంగతి ఏమిటంటే, కౌలు రైతు కెమెరా ముందు నోరు విప్పితే వచ్చే ఏడు భూమి దక్కకపోవచ్చు. ఆంధ్రప్రదేశ్ 2019 పంట సాగుదారుల హక్కుల చట్టం కింద కౌలు రైతుగా గుర్తింపు కార్డు కావాలంటే భూమి యజమాని సంతకం కావాలి, ఆ సంతకం పెట్టడానికే చాలామంది జంకుతారు. కాబట్టి ఒకసారి సమ్మతి పత్రం మీద సంతకం తీసుకుంటే సరిపోదు. రఫ్ కట్‌ను (తుది రూపానికి ముందటి ఎడిట్‌ను) ఆ కుటుంబాలకు చూపించి, ఏ మాట తీసేయమంటారో అడగాలి. విద్యార్థులకు కూడా ఈ పని నేర్పేవారు తక్కువ.

ప్రశ్న అడిగినవారు: కృష్ణలంక కెమెరా

అందరికీ ధన్యవాదాలు. పంటల క్యాలెండర్‌ను కళాశాల క్యాలెండర్ పక్కన పెట్టి చూడాలన్న ఆలోచన నాకు తట్టలేదు. కళాశాల వారితో మాట్లాడాను. తరగతులు సోమ, మంగళ, బుధవారాలకు సర్దడానికి ఒప్పుకున్నారు, జీతం ఆ మేరకు తగ్గిస్తామన్నారు. ల్యాబ్ అసిస్టెంట్ సంగతి అడిగితే వచ్చే ఏడు చూద్దామన్నారు. సినిమా హక్కుల వాక్యం గురించి మాత్రం, ఇంతవరకు ఎవరూ అడగలేదనీ, యాజమాన్యాన్ని అడిగి చెబుతామనీ అన్నారు. నెట్‌కు దరఖాస్తు చేస్తున్నాను. ఖాళీ బ్లాక్‌బోర్డు గారూ, అటువంటి వాక్యం ఉన్న నియామక పత్రం నమూనా మీ దగ్గర ఉంటే పేర్లు కొట్టివేసి పంపగలరా?

ఖాళీ బ్లాక్‌బోర్డు

పంపుతాను. ఈలోగా ఇప్పటిదాకా తీసిన ఫుటేజ్ మొత్తాన్ని తేదీల వారీగా లాగ్ చేసి, రెండు డ్రైవుల్లో వేర్వేరు ఇళ్లలో ఉంచండి. కళాశాలలో చేరేనాటికి ఏది ముందే తీసి ఉందో చూపించడానికి ఆ లాగ్ పనికొస్తుంది.