అమ్మేసిన పాత ఫ్రిజ్ వారానికే పాడైంది, డబ్బులు తిరిగి ఇవ్వాలా?

దాసన్నపేట మాస్టారు:
అందరికీ నమస్కారం. విజయనగరం నుంచి పార్వతీపురం బదిలీ అయింది. అక్కడ దొరికిన ఇల్లు చిన్నది, అందుకని డబుల్ డోర్ ఫ్రిజ్ అమ్మేశాను. 260 లీటర్లది, ఏడేళ్ల కిందట కొన్నది. నెల్లిమర్ల వైపు పల్లె నుంచి భార్యాభర్తలు వచ్చారు. ఫ్రీజర్‌లోంచి ఐస్ తీసి చూపించాను. కింది అరల్లో చెయ్యి పెట్టి చూసుకున్నారు, డోర్ రబ్బరు అతుక్కుంటోందా లేదా అని కాగితం పెట్టి మరీ లాగి చూశారు. పదివేలు చెప్పాను, తొమ్మిదికి కుదిరింది. అక్కడే ఫోన్లో డబ్బు వేసి, ట్రాలీ ఆటోలో ఎక్కించుకుని వెళ్లారు.

వారం తిరక్కుండా ఫోన్. "మాస్టారూ, చల్లబడట్లేదండి. మెకానిక్కొచ్చి కంప్రెసర్ పోయిందన్నాడు. మీ ఫ్రిజ్ మీరు పట్టుకెళ్లిపోండి, మా డబ్బులు మాకిచ్చీండి" అన్నాడు ఆయన. నిన్న వాళ్ల బావమరిది మాట్లాడాడు. ఇవ్వకపోతే స్టేషన్‌కి వెళ్తాం, మోసం కేసు పెడతాం అంటున్నాడు.

నా గుమ్మం దాటేవరకు ఫ్రిజ్ బాగా పని చేసింది. గ్యారంటీ అన్న మాట నా నోట రాలేదు. బెదిరింపుకి భయపడి ఇవ్వడం నాకు ఇష్టం లేదు, అలాగని వాళ్లకు అన్యాయం జరిగితే ఊరుకోవడమూ ఇష్టం లేదు. ఇవ్వాలా, అక్కర్లేదా?

చీపురుపల్లి పాత సామాన్ల షాపు:
ఇవ్వక్కర్లేదు మాస్టారూ. నేను చేసే వ్యాపారమే ఇది కాబట్టి చెప్తున్నాను. కొత్తది పాతిక వేల దాకా ఉంటుంది. అది తొమ్మిదికి వచ్చిందంటే ఆ తేడా దేనికి? రేపో మాపో రిపేరు రావచ్చని ఇద్దరికీ తెలిసే కదా ఆ ధర కుదిరింది. నా షాపులో కొన్నవాళ్లకు నెల రోజులు పూచీ ఇస్తాను, ఆ పూచీ ఖర్చు ధరలో వేసుకునే అమ్ముతాను. మీరు అలా వేసుకోలేదు. వేసుకోని పూచీ ఇప్పుడు మీ నెత్తిన పెట్టడం న్యాయం కాదు. వాళ్లు గంటసేపు చూసుకుని, బేరమాడి, వెయ్యి తగ్గించుకుని పట్టుకెళ్లారు. వ్యవహారం అక్కడితో అయిపోయింది.

అరసవల్లి ఆడపడుచు:
చూసుకుని కొన్నారు అనడం చాలా తేలిక అన్నయ్యా. డే అండ్ నైట్ జంక్షన్ దగ్గర ఒక ఇంట్లో నేను వాషింగ్ మెషిన్ కొన్నాను. కుళాయి రావట్లేదని చెప్పి ఖాళీగా తిప్పి చూపించారు. మెత్తగా తిరిగింది. ఇంటికి తెచ్చి, నీళ్లు పెట్టి, బట్టలేసి స్పిన్ నొక్కితే పక్కవాటా వాళ్లు తలుపు తీసి బయటికొచ్చారు. డ్రమ్ము బేరింగ్ పోయింది. బరువు పడితేనే ఆ చప్పుడు వస్తుంది, ఖాళీగా తిప్పితే వినబడదు. ఆ సంగతి వాళ్లకు తెలుసు, అందుకే ఖాళీగా తిప్పారు. ఫోన్ చేస్తే వాళ్లూ ఇదే మాట, "చూసుకునే కదమ్మా తీసుకున్నావు" అని.

నెల్లిమర్ల వాళ్లకు తొమ్మిది వేలంటే ఎన్ని రోజుల కూలి? షాపుకి వెళ్లకుండా మీ ఇంటికి ఎందుకు వచ్చారు మాస్టారూ? పంతులుగారి ఇంటి సామాను, జాగ్రత్తగా వాడి ఉంటారని వచ్చారు. ఆ నమ్మకం వల్లే మీకు తొమ్మిది వేలు వచ్చాయి. అదే ఫ్రిజ్‌కి చీపురుపల్లి అన్నయ్య ఆరు వేలు కూడా ఇచ్చి ఉండరు. ఇచ్చేయండి.

చీపురుపల్లి పాత సామాన్ల షాపు:
ఆరు ఇచ్చేవాడినే తల్లీ, ఏడు మాత్రం ఇవ్వను. నీ వాషింగ్ మెషిన్ విషయంలో జరిగింది ముమ్మాటికీ మోసం, కాదనను. కానీ మాస్టారు నడుస్తున్న ఫ్రిజ్‌లోంచి ఐస్ తీసి చూపించారు. రెండూ ఒకటి చెయ్యకు.

బొబ్బిలి ఫ్రిజ్ మెకానిక్:
అందరూ డబ్బు గురించే మాట్లాడుతున్నారు, ఫ్రిజ్‌కి ఏటైందో ఎవరూ అడగట్లేదు. కంప్రెసర్ పోయింది అన్న మాట నేను చూసేవరకు నమ్మను. మా పనిలో చాలామంది చల్లబడని ప్రతి ఫ్రిజ్‌కీ ముందు ఆ మాటే అంటారు, ఎందుకంటే డబ్బు వచ్చే రిపేరు అదే.

మాస్టారూ, వాళ్లకు ఫోన్ చేసి ఇవి కనుక్కోండి. ఆటోలో ఫ్రిజ్‌ని నిలబెట్టి తీసుకెళ్లారా, పడుకోబెట్టారా? ఇంటికి చేరాక ఎంతసేపు ఆగి ప్లగ్ పెట్టారు? స్టెబిలైజర్ ఉందా? కంప్రెసర్ ఆపకుండా తిరుగుతూనే చల్లబడట్లేదా, లేక కాసేపటికోసారి టిక్కుమని ఆగిపోతోందా? ఈ చివరిది ముఖ్యం. టిక్కుమంటే కంప్రెసర్‌ని స్టార్ట్ చేసే రిలే గానీ, వేడెక్కితే ఆపేసే ఓవర్‌లోడ్ గానీ పోయి ఉండొచ్చు, అది వందల్లో పోయే పని. లేదంటే వోల్టేజి చాలక కంప్రెసర్ లేవడం లేదు. కంప్రెసర్ లోపలి మోటారు వైండింగ్ పోయిందో లేదో మీటర్ పెడితే తెలిసిపోద్ది. ఇన్వర్టర్ కంప్రెసర్ కాకపోతే కామన్, స్టార్ట్, రన్ అని మూడు పిన్నులుంటాయి. స్టార్టుకీ రన్నుకీ మధ్య రీడింగు మిగతా రెండు రీడింగులూ కలిపినంత రావాలి, ఏ పిన్నుకీ బాడీకీ మధ్య రీడింగు రాకూడదు. ఆపకుండా తిరుగుతూ చల్లబడకపోతే మాత్రం గ్యాస్ పోయినట్టు, లేదా లోపలి పైపు మూసుకుపోయి చోకైనట్టు.

ఇంకొకటి, ఇది మీకే. ఏడేళ్లలో ఎప్పుడైనా గ్యాస్ పట్టించారా?

దాసన్నపేట మాస్టారు:
కనుక్కున్నాను. పడుకోబెట్టే పట్టుకెళ్లారు. నిలబెట్టి తాడు కట్టమని నేను ఇక్కడే చెప్పాను, కరెంటు తీగలు తగులుతాయని ఆటో అబ్బాయి ఒప్పుకోలేదు. ఇంటికెళ్లగానే ప్లగ్ పెట్టేశారట. స్టెబిలైజర్ లేదు, నాది నేను ఉంచుకున్నాను. ఇన్వర్టర్ది కాదు, మామూలుదే. కంప్రెసర్ తిరుగుతూనే ఉందట, దాని పక్కన చెయ్యి పెడితే వేడిగా ఉందట, లోపల మాత్రం చల్లదనం లేదు.

గ్యాస్ రెండేళ్ల కిందట ఒకసారి పట్టించాం. ఆ తర్వాత ఒక్కరోజు ఇబ్బంది పెట్టలేదు. వాళ్లు అడగలేదు, నేను చెప్పలేదు. రెండేళ్లు నిక్షేపంగా నడిచినదాని గురించి చెప్పాల్సిన పనేముంది?

అరసవల్లి ఆడపడుచు:
అదే చెప్పాల్సింది మాస్టారూ. గ్యాస్ పట్టించిన ఫ్రిజ్ అని తెలిస్తే వాళ్లు తొమ్మిది ఇచ్చేవాళ్లా?

లా చదివినవాడు, శ్రీకాకుళం:
ముందు స్టేషన్ సంగతి. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో మోసం 318వ సెక్షన్. అది నిలబడాలంటే అమ్మే సమయానికే మోసగించే ఉద్దేశం ఉండాలి. అమ్మాక పాడవడం ఒక్కటే నేరం కాదు. వినియోగదారుల కమిషన్ అంటారేమో, అది వ్యాపారుల మీదా సేవలు అమ్మేవాళ్ల మీదా ఫిర్యాదులకు. ఇంట్లో వాడుకున్న ఒక్క ఫ్రిజ్ అమ్మినంత మాత్రాన మాస్టారు వ్యాపారి అయిపోరు. చీపురుపల్లి షాపు నుంచి కొని ఉంటే అది వేరే కథ.

మిగిలింది సివిల్ వ్యవహారం. 1930 నాటి సరుకుల అమ్మకం చట్టం 16వ సెక్షన్ ప్రకారం, ఆ సరుకు వ్యాపారం చెయ్యని మనిషి అమ్మినప్పుడు నాణ్యతకు దానంతట అదే పూచీ రాదు. నోటితో ఇస్తేనే ఉంటుంది. సరుకు పుచ్చుకున్నాక మాట తేడా వచ్చిందన్నా, 13వ సెక్షన్ ప్రకారం సాధారణంగా నష్టపరిహారం అడగొచ్చు గానీ సరుకు తిప్పి ఇచ్చి మొత్తం డబ్బు అడగలేరు. మొత్తం డబ్బు తిరిగి రావాలంటే ఒప్పందమే చెల్లదనాలి. అందుకు మోసమో తప్పుడు మాటో ఉండాలి.

మోసం అంటే ఏమిటో 1872 కాంట్రాక్టు చట్టం 17వ సెక్షన్‌లో ఉంది. అక్కడ ఇచ్చిన ఉదాహరణల్లో మొదటి మూడూ గుర్రం అమ్మకం మీదే ఉన్నాయి, మన ఫ్రిజ్‌కి అతికినట్టు సరిపోతాయి. గుర్రానికి జబ్బుందని తెలిసి కూడా వేలంలో ఏమీ మాట్లాడకుండా అమ్మితే, అది మోసం కాదు. కొనేది అప్పుడే మైనారిటీ తీరిన సొంత కూతురైతే మాత్రం చెప్పి తీరాలి. మూడోది, కొనేవాడు "మీరు కాదనకపోతే గుర్రం బాగుందనే అనుకుంటాను" అన్నప్పుడు అమ్మేవాడు నోరు మెదపకపోతే, ఆ మౌనం మాటతో సమానం.

కాబట్టి మాస్టారూ, గ్యాస్ గురించి వాళ్లు అడగలేదన్నారు, సరే. ఇంకేదైనా అడిగారా? వాళ్లు అన్న మాటలూ మీరు అన్న మాటలూ ఉన్నవి ఉన్నట్టు రాయండి.

దాసన్నపేట మాస్టారు:
ఆవిడ బయల్దేరేముందు "ఇంకేటీ ఇబ్బంది లేదు కదా మాస్టారూ" అంది. "నడుస్తోంది, కళ్లారా చూస్తున్నారుగా అమ్మా" అన్నాను. అంతే.

లా చదివినవాడు, శ్రీకాకుళం:
అయితే ఇది మొదటి గుర్రం కాదు, మూడో గుర్రానికి దగ్గర. ఆవిడ సూటిగా అడిగింది. మీరు చెప్పింది అబద్ధం కాదు, కానీ అడిగినదానికి జవాబూ కాదు. ఆ జవాబు విని ఇంతకుముందు రిపేరేమీ రాలేదని ఆవిడ అనుకుంటే తప్పు పట్టలేం. అయితే మీకు మోసం ఉద్దేశం ఉందని నేను అనను. బాగైపోయిందని మీరు నిజంగా నమ్మారు, ఆ నమ్మకం లెక్కలోకి వస్తుంది. కొన్నవాళ్లు కాస్త జాగ్రత్తపడితే తెలుసుకోగలిగేవాళ్లా అనేది కూడా 19వ సెక్షన్‌లో చూస్తారు. కోర్టుకెళ్తే రెండువైపులా వాదన ఉంది. తొమ్మిది వేల కోసం కోర్టుకి ఎవరూ వెళ్లరు, వెళ్లకూడదు కూడా.

చీపురుపల్లి పాత సామాన్ల షాపు:
రెండేళ్లు తిరిగిన ఫ్రిజ్‌కి ఇబ్బంది లేదనడం నిజమే కదా బాబూ. ఏడేళ్లలో మార్చిన బల్బూ, కుట్టించిన రబ్బరూ అన్నీ చిట్టా చదవాలంటే ఇంట్లో సామాను ఎవరూ అమ్ముకోలేరు. పైగా పడుకోబెట్టింది వాళ్లు, వెంటనే ప్లగ్ పెట్టింది వాళ్లు, స్టెబిలైజర్ లేకుండా పల్లె కరెంటుకి తగిలించింది వాళ్లు. ఇవన్నీ వదిలేసి మాస్టారి ఒక్క మాట పట్టుకుంటారేటి?

బొబ్బిలి ఫ్రిజ్ మెకానిక్:
బల్బూ గ్యాసూ ఒకటి కాదు అన్నా. గ్యాస్ పెట్రోలులాగ వాడేకొద్దీ అయిపోయేది కాదు. సీలు చేసిన పైపుల్లో అదే గ్యాస్ తిరుగుతా ఉంటది, ఫ్రిజ్ బతికినన్నాళ్లూ అదే ఉండాలి. పట్టించారంటే ఎక్కడో లీకైందన్నమాట. ఆ లీకు కనిపెట్టి వెల్డింగ్ చేసి పట్టారా, ఊరికే నింపి పంపేశారా అన్నది అసలు ప్రశ్న. సన్నటి లీకైతే నెలలు పడుతుంది, ఏడాది రెండేళ్లు కూడా లాగొచ్చు. మన తీరం గాలికి పైపులు తుప్పు పట్టడం మామూలే, అది ఎవరి తప్పూ కాదు.

రెండోది, పడుకోబెట్టినందువల్ల కంప్రెసర్‌లోని ఆయిల్ పైపుల్లోకి వెళ్తుంది. నిలబెట్టి కొన్ని గంటలు వదిలేస్తే వెనక్కి దిగిపోద్ది. దిగకుండా ఆన్ చేస్తే కంప్రెసర్ ఆయిల్ లేకుండా తిరగొచ్చు, లేదంటే ఆయిల్ క్యాపిలరీ అనే సన్నటి పైపులో చేరి చోక్ చెయ్యొచ్చు. మీరు చెప్పిన లక్షణం, తిరుగుతోంది, వేడెక్కుతోంది, చల్లబడట్లేదు అన్నది, గ్యాస్ పోయినా అంతే, చోకైనా అంతే. ఫోన్లో తేలేది కాదు.

చూస్తే తేలుతుంది. వెనక కింద, కంప్రెసర్ పక్కన, రెండేళ్ల కిందట గ్యాస్ పట్టిన పైపు చివర నొక్కి మూసి ఉంటుంది. అక్కడా, పాత వెల్డింగ్ జాయింట్ల దగ్గరా వేలు పెట్టి చూడండి. గ్యాస్‌తోపాటు ఆయిల్ కూడా చెమర్చుతుంది కాబట్టి లీకున్న చోట దుమ్ము నల్లగా, జిడ్డుగా పట్టి ఉంటది. మెకానిక్ సబ్బు నురగ రాసి చూస్తాడు. జిడ్డు పాతదైతే లీకు మీ ఇంట్లోనే మొదలైనట్టు. ఏ జాయింటూ లీకవకుండా చోకైతే అది చాలామటుకు ఆటోలో వచ్చిన రోగమే. ఎవరు పెట్టుకోవాలన్నది ఆ జిడ్డే చెప్తుంది.

అరసవల్లి ఆడపడుచు:
ఇది ఒప్పుకుంటాను. కానీ చూడ్డానికి మాస్టారే వెళ్లాలి, తన ఖర్చుతో మెకానిక్‌ని తీసుకెళ్లాలి. వాళ్లను ఫ్రిజ్ మోసుకురమ్మంటే మళ్లీ ఆటో, మళ్లీ పడుకోబెట్టడం.

లా చదివినవాడు, శ్రీకాకుళం:
వెళ్తే బావమరిదితో కాదు, కొన్న భార్యాభర్తలతో మాట్లాడండి. తేలింది ఏదైనా ఒక కాగితం మీద రెండు లైన్లు రాసి ఇద్దరూ సంతకాలు పెట్టండి. డబ్బు ఇవ్వాల్సి వస్తే, మీకు ఏ నంబరు నుంచి వచ్చిందో ఆ నంబరుకే వెయ్యండి. కుదరకపోతే విజయనగరం జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో అర్జీ ఇస్తే, కేసు వెయ్యకముందే లోక్ అదాలత్‌లో కూర్చోబెట్టి మాట్లాడిస్తారు, కోర్టు ఫీజు ఉండదు. 15100కి ఫోన్ చేసినా దారి చెప్తారు. బావమరిదికి ఆ మాట చెప్పండి, స్టేషన్ మాట ఆగుతుంది.

దాసన్నపేట మాస్టారు:
ఆదివారం నెల్లిమర్ల వెళ్తున్నాను, నాకు తెలిసిన మెకానిక్ వస్తానన్నాడు. పాత జాయింట్ దగ్గర లీకుంటే ఫ్రిజ్ నేనే తెచ్చుకుని తొమ్మిది వేలూ ఇచ్చేస్తాను. వాళ్లు ఉంచుకుంటామంటే రిపేరు ఖర్చంతా నాది. ఆటోలో వచ్చిన చోకైతే రిపేరు వాళ్లది, మెకానిక్ కూలి మాత్రం నేను ఇస్తాను. స్టెబిలైజర్ ఎలాగూ పట్టుకెళ్తున్నాను, పార్వతీపురంలో ఇప్పుడు దానికి పని లేదు. ఫోన్ చేసి ఇదంతా చెప్పాను. ఆవిడ సరేనంది, ఆయన ఇంకా కోపంగానే ఉన్నాడు.

చీపురుపల్లి పాత సామాన్ల షాపు:
తొమ్మిది వేలూ తిరిగి ఇవ్వడం నాకు ఇప్పటికీ ఎక్కువే అనిపిస్తోంది. లీకు పాతదైనా సగం పంచుకుంటే చాలు. మీ ఇష్టం మాస్టారూ.

బొబ్బిలి ఫ్రిజ్ మెకానిక్:
మాస్టారూ, ఆదివారం దాకా ఆగకుండా ఇప్పుడే వాళ్లకు ఇంకో ఫోన్ చెయ్యండి. ప్లగ్ తీసేసి అలాగే వదిలెయ్యమనండి. మీరు వెళ్లేలోగా అక్కడి మెకానిక్ చేత గ్యాస్ పట్టించొద్దని గట్టిగా చెప్పండి. పైపు కోసి కొత్త వెల్డింగ్ పెట్టేస్తే పాత జాయింటు జాడే ఉండదు, మీరేమన్నా వాళ్లు నమ్మరు, వాళ్లేమన్నా మీరు నమ్మలేరు. కంప్రెసర్ మీద చీటీ కూడా చదవమనండి. ఆర్600ఏ అని ఉంటే అది మంటకు అంటుకునే గ్యాస్. గది తలుపులు తీసి, ఉన్నది బయటికి వదిలాకే మీ మెకానిక్‌ని వెల్డింగ్ టార్చి వెలిగించమనండి.