నడుం దెబ్బ, నిద్రలేమి, ఇంట్లో మార్పులు: యోగాతో నిలదొక్కుకున్నవాళ్లు మీ అనుభవాలు చెప్పండి (చర్చ)

కూకట్‌పల్లి లెక్కల టీచర్

అందరికీ నమస్కారం. నాకు నలభై దాటాయి, హైస్కూల్లో లెక్కలు చెబుతాను. పోయిన వర్షాకాలంలో స్కూటీ జారి పడ్డాను. ఎమ్మారై తీస్తే నడుం కింది భాగంలో ఎల్-4, ఎల్-5 అనే వెన్నుపూసల మధ్య ఉండే మెత్తటి డిస్క్ ఉబ్బిందని తేలింది. ఆపరేషన్ అక్కర్లేదన్నారు. మందులు వాడాను, ఫిజియోథెరపీ కూడా పూర్తయింది. ఎడమ కాల్లోకి దిగే లాగుడు చాలావరకు తగ్గింది కానీ, పొద్దున్నే మంచం మీంచి లేవాలంటే ఇప్పటికీ భయమే.

ఈలోగా మా అమ్మ పోయింది. నాన్నగారిని ఊరి నుంచి మా ఇంటికి తెచ్చుకున్నాం. పగలంతా ఏదో ఒక పనిలో గడిచిపోతుంది. అర్ధరాత్రి మెలకువ వస్తే మాత్రం మళ్లీ నిద్ర పట్టదు. గుండెలో ఏదో బరువు, పక్కకి తిరిగితే నడుం నొప్పి.

ఇక నెమ్మదిగా యోగా మొదలుపెట్టొచ్చని డాక్టరు గారు చెప్పారు. ఏవి చేయాలో, ఏవి చేయకూడదో అడిగేంత టైమ్ అక్కడ దొరకలేదు. యూట్యూబ్‌లో చూస్తే ఒకరు వద్దన్న ఆసనాన్ని ఇంకొకరు తప్పకుండా చేయమంటున్నారు. దెబ్బ తగిలాకో, ఇంట్లో ఇలాంటి కష్టం వచ్చాకో యోగా పట్టుకున్నవాళ్లు మీలో ఉంటే, అసలు ఎలా మొదలుపెట్టారో చెప్పగలరా?

విశాఖ యోగా టీచర్

టీచర్ గారూ, అమ్మగారి విషయం చదివి మనసు కలుక్కుమంది.

నా దగ్గరికి నేర్చుకోవడానికి వచ్చేవాళ్లలో నడుమో, మెడో, మోకాలో పాడైనవాళ్లే ఎక్కువ. 2025 జూన్ 21న మా బీచ్ రోడ్డులో యోగా దినోత్సవం జరిగాక కొత్తవాళ్లు చాలామంది వచ్చారు. అందరిదీ ఒకటే కోరిక, ఆ రోజు అందరూ కలిసి చేసిన 45 నిమిషాల కామన్ యోగా ప్రోటోకాల్ మొత్తం చేసేయాలని. అది పెద్దగా జబ్బులేమీ లేనివారికి సరిపోతుంది. అందులో నిలబడి ముందుకు వంగే పాదహస్తాసనం ఉంది. డిస్క్ వెనక్కి ఉబ్బి ఉన్నప్పుడు నడుమును గుండ్రంగా చేసి వంగితే, డిస్క్ ముందు భాగం నొక్కుకుపోయి ఒత్తిడంతా వెనక వైపు, అంటే నరం ఉన్న వైపు పడుతుంది. కాబట్టి పాదహస్తాసనం, కాళ్లు చాపి కూర్చుని ముందుకు వంగే పశ్చిమోత్తానాసనం, వెల్లకిలా పడుకుని కాళ్లు తల వెనక్కి వేసే హలాసనం మీకు ప్రస్తుతానికి వద్దు. కూర్చుని నడుం మెలితిప్పే వక్రాసనం కూడా ఆపండి.

మరి ఏం చేయాలి? మకరాసనంతో మొదలుపెట్టండి. బోర్లా పడుకుని, చేతులు మడిచి, వాటి మీద నుదురు ఆనించి, పొట్ట నేలకు నొక్కుకునేలా నెమ్మదిగా ఊపిరి తీసుకోవడమే. చాలామంది దీన్ని విశ్రాంతి కిందే లెక్కేస్తారు కానీ, నడుం పట్టేసినవాళ్లకు నేను మొదటి వారమంతా ఇదే చేయిస్తాను. అది హాయిగా ఉంటే మోచేతులు నేల మీద ఆనించి ఛాతీ వరకే లేపే అర్ధ భుజంగాసనం. దాని తర్వాత వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి, తుంటిని కొద్దిగా మాత్రమే లేపే సేతుబంధాసనం. ఎంత ఎత్తు లేపారన్నది ముఖ్యం కాదు. లేపేటప్పుడు ఊపిరి బిగబడుతుంటే ఆ ఎత్తు మీకు ఎక్కువైనట్టే.

ఒక గుర్తు చెబుతాను. ఆసనం చేస్తుంటే కాల్లో ఉన్న లాగుడు పైకి, నడుం వైపు వచ్చేస్తుంటే మంచిదే, కొనసాగించండి. నడుంలో ఉన్న నొప్పి పిరుదులోకి, పిక్కలోకి దిగుతుంటే వెంటనే ఆపేయండి.

మంచం మీంచి లేవడానికి భయమన్నారు కదా. వెల్లకిలా ఉన్నవాళ్లు తిన్నగా లేచి కూర్చోవద్దు. మోకాళ్లు మడిచి పక్కకి ఒత్తిగిలి, కాళ్లు కిందికి దించుతూ చేత్తో మంచాన్ని నెట్టి లేవండి. యోగా క్లాసులో చివర్న వెల్లకిలా పడుకునే శవాసనం నుంచి పక్కకి తిరిగి లేవమనేది కూడా ఇందుకే.

యోగా గురువు బి.కె.ఎస్. అయ్యంగార్ గారి సంగతి నేను నా విద్యార్థులకు తరచూ చెబుతాను. చిన్నతనంలో మలేరియా, టైఫాయిడ్, క్షయ అన్నీ చూసిన మనిషి. 1934లో మైసూరు వెళ్లి బావగారు కృష్ణమాచార్య దగ్గర యోగా నేర్చుకున్నారు. అరవై ఏళ్ల వయసులో స్కూటర్ ప్రమాదం జరిగి ఒళ్లు దెబ్బతింటే, అంతటి గురువూ మళ్లీ మొదటి మెట్టు నుంచి సాధన చేసుకుంటూ వచ్చారు. కుర్చీ, బెల్టు, చెక్క దిమ్మ, మడిచిన దుప్పటి ఆసరాగా పెట్టుకుని ఆసనం వేసే పద్ధతి ఈ రోజు ప్రపంచమంతా వాడుకలో ఉందంటే అది ఆయన చలవే. ఆసరా తీసుకోవడాన్ని ఎవరూ చిన్నతనంగా అనుకోకండి.

రాజమండ్రి ఫిజియో

పైన యోగా టీచర్ గారు చెప్పినవాటితో ఏకీభవిస్తున్నాను. ఫిజియోథెరపిస్టుగా కొన్ని విషయాలు కలుపుతాను.

కాలి మడమ మీద గానీ, వేళ్ల మీద గానీ నిలబడలేకపోవడం, పాదం జారిపోతున్నట్టు ఉండటం, తొడల మధ్య తిమ్మిరి, మూత్రం మీద పట్టు తప్పడం. వీటిలో ఏది కనిపించినా యోగా కాదు, ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. ముఖ్యంగా చివరి రెండిటిలో ఏది వచ్చినా రాత్రయినా ఆగకూడదు.

అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2017లో ఇచ్చిన సూచనల్లో, చాలాకాలంగా ఉన్న నడుం నొప్పికి మందుల కంటే ముందు ప్రయత్నించదగ్గ వాటిలో వ్యాయామంతో పాటు యోగా కూడా ఉంది. అంటే ఇది కేవలం నమ్మకం మీద చెప్పే మాట కాదు. కాకపోతే విరిగిన ఎముక అతుక్కునే దశలో, ఆపరేషన్ కుట్లు మానని దశలో ఆసనాల జోలికి వెళ్లకూడదు. అప్పుడు చేయదగ్గది ఊపిరి సాధన ఒక్కటే, అది కూడా సర్జన్‌ని అడిగాకే.

సిద్దిపేట శ్రీను

నాదొక సందేహం. రోజూ అరగంట నడిస్తే కూడా నడుం, నిద్ర రెండూ బాగుపడతాయి కదా? మా బాపుకు నడకతోనే తగ్గింది. యోగాకే ఎందుకంత ప్రత్యేకత?

రాజమండ్రి ఫిజియో

నడక చాలా మంచిది శ్రీను గారూ, చాలామందికి నేను ముందు చెప్పేది అదే. యోగాలో అదనంగా దొరికేది, నొప్పిని గమనిస్తూ కదలడం. దెబ్బ తగిలినవాళ్లు భయంతో కండరాలన్నీ బిగించి పెట్టుకుంటారు. ఆ బిగువు వల్ల నొప్పి ఇంకా పెరుగుతుంది. ఊపిరితో పాటు నెమ్మదిగా కదిలితే ఆ బిగువు సడలుతుంది. రెండూ చేయగలిగితే ఇంకా మంచిది.

డాలస్ తెలుగబ్బాయి

నాది ఒంటికి తగిలిన దెబ్బ కాదు. లేఆఫ్‌లో ఉద్యోగం పోయింది. హెచ్1బి వీసా మీద ఉన్నవాళ్లకు ఉద్యోగం పోతే మామూలుగా 60 రోజుల గడువే ఉంటుంది. ఆలోగా ఇంకో కంపెనీ దొరకాలి, లేదా ఇంకో దారి చూసుకోవాలి, లేదంటే సామాన్లు సర్దుకోవాలి. ఇంట్లో చంటిపిల్ల, ఇండియాలో అమ్మానాన్నలకు చెప్పాలంటే నోరు రాదు. రాత్రిళ్లు నిద్ర లేదు, పగలు ఫోన్ మోగితే చాలు దడ.

కళ్లు మూసుకుని ధ్యానం చేయమని అందరూ చెప్పారు. అంత టెన్షన్‌లో ఉన్నవాడికి కళ్లు మూసుకుంటే క్యాలెండరే కనపడుతుంది. ఊపిరిని వేగంగా బయటికి కొట్టే కపాలభాతి చేస్తే దడ ఇంకా పెరిగింది. నాకు కుదిరింది ఏమిటంటే, ముందు ఒళ్లు అలిసేదాకా సూర్య నమస్కారాలు, ఆ తర్వాతే ఊపిరి. మనసులో నాలుగు లెక్కపెడుతూ ముక్కుతో పీల్చడం, ఆరు లెక్కపెడుతూ వదలడం. మధ్యలో బిగబట్టడం లేదు. పీల్చేటప్పుడు గుండె కాస్త వేగంగా, వదిలేటప్పుడు కాస్త నెమ్మదిగా కొట్టుకుంటుందట. వదలడాన్ని పొడిగిస్తే ఒళ్లు నెమ్మదించేది అందుకేనని ఇక్కడి కౌన్సెలర్ చెప్పారు.

యోగా వల్ల ఉద్యోగం వచ్చిందని చెప్పను. రెజ్యూమేలు పంపడం, పాత మేనేజర్లను అడగడం, లాయర్‌తో మాట్లాడటం, ఆ పనులన్నీ నేనే చేసుకోవాల్సి వచ్చింది. కానీ ఇంటర్వ్యూ కాల్‌కి ముందు బాత్రూంలో తలుపేసుకుని భ్రామరి (తుమ్మెదలా ఝుమ్మంటూ ఊపిరి వదలడం) చేసి వచ్చిన రోజుల్లో నా గొంతు వణకలేదు. ఆ రోజుల్లో నాకు అది చాలా పెద్ద విషయం.

నెల్లూరు రిటైర్డ్ ఆర్టీసీ డ్రైవర్

అమ్మా టీచరమ్మా, నేను ఆర్టీసీలో బస్సు తోలి రిటైరయ్యాను. మోకాళ్లు రెండూ అరిగినాయి. క్లచ్ తొక్కీ తొక్కీ ఎడమ మోకాలు ఇంకా ముందే పోయింది.

రిటైరయినాక నొప్పి కంటే ఊరికే కూర్చోవడమే ఎక్కువ బాధపెట్టింది. తెల్లారుజామున డ్యూటీకి లేచే అలవాటు. లేస్తాను, యూనిఫాం లేదు, పోవాల్సిన డిపో లేదు. ఇంట్లో వాళ్ల మీద ఊరికే కోపం వచ్చేది.

మా పార్కులో పొద్దున్నే యోగా చెప్పే ఆయన ఉన్నాడు. నేను కింద కూర్చోలేనంటే కుర్చీ వేసి పక్కన కూర్చోబెట్టాడు. పాదాలు, వేళ్లు, మణికట్లు, భుజాలు, మెడ, ఒక్కో కీలునే ఊపిరితో పాటు కదిలించడం. కుర్చీ వీపు పట్టుకుని ఒంటికాలి మీద వృక్షాసనం. మోకాలు చాపి తొడ బిగించి పట్టుకోవడం. ఈ తొడ కండ గట్టిపడిన తర్వాత మెట్లు ఎక్కడం తేలికయింది. వజ్రాసనం మాత్రం నాకు వద్దన్నారు, మోకాలు అంత మడవకూడదంట.

ఇంతకుముందు ఇంకోచోట చేరితే, అక్కడ చెప్పే ఆయన వెనక నుంచి నా వీపు మీద చెయ్యేసి కిందికి నొక్కాడు. రెండోరోజు పోలేదు. ఒంటి మీద చెయ్యేసి బలవంతంగా వంచే గురువు దగ్గరికి మీరు పోవద్దమ్మా.

ఇప్పుడు మా పార్కు బ్యాచ్‌లో ఎవరైనా రాకపోతే ఫోన్ చేసి కనుక్కునేది నేనే.

హనుమకొండ అక్క

అందరూ ఆసనాల గురించి చెప్పారు. నేను ఏడుపు గురించి చెప్తా.

మా ఆయన కరోనా రెండో వేవ్‌లో పోయారు. తర్వాత ఏడాది ఒక మహిళా బ్యాచ్‌లో చేరాను. ఆసనాలన్నీ బాగానే చేసేదాన్ని. చివర్లో శవాసనం రాగానే కళ్లలోంచి నీళ్లు కారిపోయేవి. పక్కవాళ్లు చూస్తారని సిగ్గు. కళ్లు మూసుకుని చీకట్లో ఉండాలంటే ఆసుపత్రి వాసనే గుర్తొచ్చేది. ఒకరోజు మధ్యలోనే లేచి ఇంటికి వచ్చేశాను.

మా మేడం నన్ను ఏమీ అడగలేదు. మర్నాడు నా చాపను గోడ పక్కన, కిటికీ దగ్గర వేయించింది. వెల్లకిలా కాకుండా పక్కకి తిరిగి, మోకాళ్ల మధ్య దిండు పెట్టుకుని పడుకోమంది. కళ్లు తెరిచే ఉంచుకో, బయట చెట్టు చూడు అంది. ఏడుపొస్తే ఆపుకోవద్దు అంది. చాలా రోజులు అట్లనే చేశాను. కళ్లు మూసుకుని పడుకోగలగడం చాలా కాలానికి వచ్చింది, దానంతట అదే వచ్చింది.

చెల్లెమ్మా, అమ్మ పోయిన దుఃఖం ఒంట్లో ఉంటుంది. ఆసనాలు వేస్తుంటే ఎక్కడో ఒకచోట అది బయటికొస్తుంది. అప్పుడు యోగా నాకు పడటం లేదని మానేయకు.

యోగా ఒక్కటే చాలనీ నేను అనను. నాకు బతకాలని లేదు అనిపించిన రోజులు ఉన్నాయి. అప్పుడు డాక్టరుకు చూపించుకుని మందులు వాడాను. ఇప్పుడైతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడొచ్చు, డబ్బులు ఉండవు. మందులు వాడుతూ యోగా చేసినందుకు నన్ను కూడా నలుగురూ నాలుగు మాటలన్నారు. పట్టించుకోలేదు.

విశాఖ యోగా టీచర్

అక్కా, మీరు రాసింది మా టీచర్ ట్రైనింగుల్లో చదివించాలి. మీ మేడం చేసిందే సరైన పద్ధతి. దుఃఖంలో, భయంలో ఉన్నవారికి కళ్లు మూసుకోవడాన్ని నియమంగా పెట్టకూడదు.

కూకట్‌పల్లి లెక్కల టీచర్

అక్కా, మీ పోస్టు మావారికి చదివి వినిపించాను. చదువుతూ చదువుతూ ఆగిపోయాను.

ఒత్తిగిలి లేవడం ఈ రోజే ప్రయత్నించాను. నిజంగానే నడుం పట్టలేదు. మకరాసనం కూడా వేశాను, అందులో ఊపిరి పొట్టలోకి వెళ్తున్నట్టు మొదటిసారి తెలిసింది. అర్ధ భుజంగాసనం వారం ఆగి మొదలుపెడతాను.

ఇంకొక్క ప్రశ్న. నాన్నగారికి డెబ్బై దాటాయి, బీపీ ఉంది. అమ్మ పోయాక గదిలోంచి బయటికి రావడం లేదు. ఆయన్ని కూడా నాతో కూర్చోబెట్టుకోవచ్చా?

నెల్లూరు రిటైర్డ్ ఆర్టీసీ డ్రైవర్

కూర్చోబెట్టుకో అమ్మా. అయితే "నాన్నా, యోగా చెయ్యి" అంటే రాడు, మగవాళ్లం ఈ వయసులో అంత తొందరగా ఒప్పుకోము. "నాకు నడుం బాగాలేదు, నేను సరిగ్గా చేస్తున్నానో లేదో పక్కన కుర్చీలో కూర్చుని చూడు" అని అడుగు. కూతురికి సాయం అంటే వస్తాడు. వచ్చినాక పాదాలు తిప్పడంతో మొదలుపెట్టించు. కుర్చీకి చేతులుండాలి, చక్రాలు ఉండకూడదు, గోడకు ఆనించి వేయాలి.

రాజమండ్రి ఫిజియో

బీపీ ఉంది కాబట్టి ఊపిరి బిగబట్టడాలు, కపాలభాతి, వేగంగా పీల్చి వదిలే భస్త్రిక వద్దు. మామూలుగా పీల్చి నెమ్మదిగా వదలడం, భ్రామరి చాలు. పడుకున్నవాడు ఒక్కసారిగా లేవకూడదు, బీపీ మందు వేసుకునే పెద్దవాళ్లకు కళ్లు తిరుగుతాయి.

కంటి పరీక్ష ఈ మధ్య చేయించారా? గ్లాకోమా (కంటి నరం దెబ్బతినే జబ్బు) ఉంటే తల కిందికి వెళ్లే ఆసనాలు కంట్లో ఒత్తిడి పెంచుతాయి. న్యూయార్క్‌లో కంటి డాక్టర్లు 2015లో కొలిచి చూస్తే వాళ్లు చూసిన ఆసనాల్లో, చేతులు కాళ్లు నేలకు ఆనించి తుంటి పైకెత్తే అధోముఖ శ్వానాసనంలో ఎక్కువ పెరిగింది. తేలిక అనుకునే, గోడకు కాళ్లు ఆనించి పడుకునే విపరీత కరణిలో కూడా పెరిగింది.

కూకట్‌పల్లి లెక్కల టీచర్

మంచి మాట అడిగారు. నాన్నగారికి గ్లాకోమా ఉంది, రాత్రిళ్లు చుక్కల మందు వేస్తాం. గోడకు కాళ్లు పెట్టించి పడుకోబెడదామని నేను అనుకున్న మాట నిజమే, అది తీసేస్తున్నాను. ఆయనకు కుర్చీలో కీళ్ల కదలికలు, భ్రామరి మాత్రమే. వచ్చే వారం కంటి డాక్టరు దగ్గరికి ఎలాగూ వెళ్లాలి, ఈ జాబితా చూపించి అడుగుతాను.