సుంకి ఘాట్ ఎక్కే పాత కారుకి మినరల్ ఆయిలా, సింథటిక్కా?

కోరాపుట్_కారు:
పన్నెండేళ్ల చిన్న పెట్రోల్ కారు, 92 వేలు తిరిగింది. ఇన్నాళ్లూ మామూలు మినరల్ ఆయిలే. వారానికోసారి సుంకి ఘాట్ దిగి సాలూరు వెళ్లొస్తాను. డిసెంబరు చలిలో పొద్దున్నే స్టార్ట్ చేస్తే నాలుగైదు సెకన్లు టకటకమని టప్పెట్ల చప్పుడు, తర్వాత సద్దుమణుగుతుంది. సింథటిక్ పోస్తే పోతుందంటున్నారు. రేటు చూస్తే రెట్టింపు పైనే. అంత పెట్టొచ్చా?

పర్లాకిమిడి_బావ:
ముందు డబ్బా మీద నంబరు చూడండి అన్నా. 20డబ్ల్యూ40 పోస్తున్నారేమో!

కోరాపుట్_కారు:
అదే! కారు పుస్తకంలో 5డబ్ల్యూ30 అని ఉంది. మా మేస్త్రి దాన్ని చూసి ‘పతళా తెలొ’ అని మొహం చిట్లిస్తాడు. పల్చటి నూనె ఘాట్‌లో ఆగదట.

రాయగడ_మేష్టారు:
డబ్ల్యూ అంటే వింటర్. దాని ముందు అంకె ఎంత తక్కువైతే చలిలో ఆయిల్ అంత త్వరగా పైకెక్కుతుంది. వెనక అంకె ఇంజను వేడెక్కాక ఉండే చిక్కదనం. మీ చప్పుడు ఆయిల్ పైకి చేరేలోపు వచ్చేదే కావచ్చు. సింథటిక్‌లో అణువులు ఇంచుమించు ఒకే తీరుగా ఉంటాయి. అందుకే చలికి తొందరగా గడ్డకట్టదు, ఘాట్ వేడికి తొందరగా పాడవదు. అయితే సింథటిక్ అని అమ్మే చాలా డబ్బాల్లో ఉండేది కూడా ముడిచమురునే బాగా శుద్ధి చేసి తీసిన గ్రూప్ 3 నూనే. పేరు చూసి మరీ మురిసిపోకండి.

బరంపురం_డీజిల్:
నా పాత డీజిల్ 15డబ్ల్యూ40 మినరల్‌తోనే 2 లక్షలు దాటింది. 5 వేలకోసారి మార్చడమే, ఒక్కసారి కూడా తప్పలేదు. మా తమ్ముడు సింథటిక్ పోశాను కదా అని మార్చడమే మానేశాడు. వాల్వ్ కవర్ విప్పితే లోపల ముదురు బెల్లం పాకంలా నల్లటి జిడ్డు, స్క్రూడ్రైవర్‌తో గీకితే గానీ రాలేదు. అయినా మీ కోరాపుట్ చలి మాకెక్కడిది లెండి.

పర్లాకిమిడి_బావ:
నేను సింథటిక్‌కి మారాక పోర్టికోలో రోజూ రూపాయి బిళ్లంత మరక. పాత బండికి పడదు.

రాయగడ_మేష్టారు:
ఇంజను ఆయిల్ సీలు అప్పటికే పోయి ఉంటుంది బాబూ, ఇన్నాళ్లూ జిడ్డు అడ్డుపడి కాపాడింది. కొత్త ఆయిల్ ఆ జిడ్డుని కడిగేసింది. ఇంకోమాట. నా బండి రోజూ స్కూలుకి 3 కిలోమీటర్లే. ఇంజను సరిగా వేడెక్కక ఆయిల్లో తేమ, పెట్రోలు చేరతాయి. అందుకే సింథటిక్ అయినా ఏడాదికోసారి మారుస్తాను. బీఎస్6 (కొత్త కాలుష్య నిబంధనల) డీజిల్ బండి ఉన్నవాళ్లు మాత్రం ఇవేవీ వినకండి. పొగగొట్టంలో మసిని పట్టే ఫిల్టర్ బూడిదతో పూడుకుపోకుండా పుస్తకంలో చెప్పిన తక్కువ బూడిద ఆయిలే పోయాలి.

బరంపురం_డీజిల్:
ఆయిల్ డబ్బా సీలు మీ ముందే విప్పించండి, ఖాళీ డబ్బాకి చిల్లు పెట్టి రండి. మళ్లీ నింపి అమ్మేవాళ్లున్నారు.

కోరాపుట్_కారు:
పోయించాను, 5డబ్ల్యూ30 ఫుల్లీ సింథటిక్. నాలుగు రోజులుగా చప్పుడు ఒక్క సెకనే. మైలేజీ మాత్రం ఎక్కడిదక్కడే. డబ్బాకి చిల్లు నేనే పెట్టాను, మేస్త్రి నవ్వాడు.

రాయగడ_మేష్టారు:
ఆయిల్ ఫిల్టర్ మార్చారా?

కోరాపుట్_కారు:
బిల్లులో ఉంది మేష్టారూ. పాతది చూపించమంటే చెత్తలో పడేశాం అన్నారు.